పాము నాకిన మచ్చ

తనకల్లు,
12 జూలై 2003.

నాయనా,

నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా చదివాక నీకు నమ్మబుద్ధి కాదు. ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. చెల్లి నందిని చేత చదివించుకోవద్దు. అద్దాలు కనబడకపోతే కనబడేదాకా జేబులో పెట్టుకో.

ఆరుద్ర కార్తె ఇక్కడ చుక్క వాన లేకుండానే పోయింది. మీ గోరంట్ల దిక్కు కూడా అంతేనట కదా, విత్తనం గింజలు ఇంట్లోనే ఉన్నాయని అమ్మ చెప్పింది. నా పిల్లలకు ఈసారి ఆరుద్ర పురుగులను చూపిస్తానని మాటిచ్చాను. ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా నేల మీద నడుస్తాయి కదా, అవి. వానే రాకపోతే పురుగు మాత్రం యాడ నుంచి వస్తుంది? శనివారం మధ్యాహ్నం బడిలో పురుగుల పీరియడ్ పెట్టానని పోయినసారి వచ్చినప్పుడు చెప్పాను. "బడికి పంపేది అక్షరాలకా, జెర్రులకా?" అని నువ్వు పడీపడీ నవ్వావు. నవ్వితే నవ్వావులే. రెండేళ్ళ కింద ఈ పిల్లలు తొండ కనబడితే చాలు, రాళ్ళతో కొట్టి తోకకు దారం కట్టి ఈడ్చేవాళ్ళు. ఇప్పుడు పేడపురుగు ఉండను దొర్లించుకుంటూ పోతుంటే దానికి దారి వదిలి పక్కనుంచి నడుస్తారు. రోకలిబండ పురుగు చుట్ట చుట్టుకుంటే మళ్ళీ విప్పుకునేదాకా గొంతుక్కూర్చుని చూస్తారు. మా పీరియడ్‌కు రూళ్ళు మూడే. తెచ్చినదాన్ని తెచ్చిన చోటే వదలాలి. తేలును, జెర్రిని, ఏ పామునైనా సరే ముట్టుకోకూడదు. ఏది కనబడినా చంపకుండా వచ్చి టీచర్‌కు చెప్పాలి.

పోయిన శనివారం పిల్లలు నాకు చెప్పలేదు. బడి వెనక మధ్యాహ్నం వంటకని పేర్చిన రాళ్ళ కింద రెండు తలల పాము ఒకటి కనబడిందట. ఐదో తరగతి కదిరమ్మ దాన్ని కట్టెకు వేలాడేసుకుని తరగతిలోకి వచ్చింది. ఆ పిల్ల వెనకాల మిగతా ముప్పై మంది. పాము తల చితికిపోయి ఉంది. "టీచర్, మిమ్మల్ని నాకిన పాము ఇదే. సంపేసినాం. ఇంగ మిమ్మల్ని ఏమీ సెయ్యదు" అంది కదిరమ్మ. నాయనా, ఆ పిల్ల ముఖం నువ్వు చూడాల్సింది. నాకు ఏదో బహుమానం తెచ్చినట్టు వెలిగిపోతోంది. మిగతావాళ్ళందరూ నేను శభాష్ అంటానని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నోరెక్కువదాన్నని నువ్వే అంటావు కదా, ఆరోజు ఆ నోరు ఎక్కడికి పోయిందో! "ఇంకోసారి చంపొద్దు, వచ్చి నాకు చెప్పండి" అని మాత్రం అని, పామును గుంత తీసి పూడ్పించాను.

తప్పు పిల్లలది కాదు. నేను ఈ ఊరికి వచ్చిన మొదటి వారమే "మీ గడ్డం మీద, చేతి మీద తెల్లగా ఏమయింది టీచర్?" అని అడిగారు. "చిన్నప్పుడు రెండు తలల పాము నాకింది" అని చెప్పాను. ఇరవై ఏళ్ళుగా అందరికీ అదే జవాబు చెప్పి చెప్పి, ఎవరైనా నా గడ్డం వైపు చూస్తే చాలు, నాలుక దానంతట అదే ఆ మాట అనేస్తుంది. ఇన్ని పాఠాలు చెప్పాను, వాళ్ళు మనసులో పెట్టుకున్నది ఆ ఒక్క మాట. నా మీద ప్రేమతో దాన్ని చంపారు. అదే నన్ను తినేస్తోంది.

ఇప్పుడు అసలు విషయం రాస్తాను. ఈ ఎండాకాలం కదిరిలో టీచర్లకు ట్రైనింగ్ పెట్టారు. పాముల గురించి చెప్పడానికి జాకబ్ అని ఒకాయన వచ్చాడు. రెండు తలల పామును తెచ్చి అందరి చేతుల్లోనూ పెడుతున్నాడు. దానికి విషం లేదట, ఉన్నది ఒక్కటే తలట, మొండి తోకను చూసి రెండో తల అనుకుంటామట. ఎలుకలను తిని బతుకుతుందట. నా వంతు వచ్చేసరికి కెవ్వుమని అరిచి గోడకు కరుచుకుపోయాను. "దాని నాలుక తగిలితే మచ్చలొచ్చేటట్టయితే నేను ఈపాటికి సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాలి గదమ్మా. పదేండ్ల నుంచి వీటితోనే ఉండా" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేను మర్నాడే అనంతపురం పోయి చర్మం డాక్టరుకు చూపించుకున్నాను. "ఇది బొల్లి. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, ప్రాణానికి ఏమీ కాదు. కొన్ని ఇళ్ళల్లో వంశంలో వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగాడు. లేదని చెప్పాను. చెబుతుండగానే అవ్వ గుర్తొచ్చింది. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న రవికె తప్ప ఇంకోటి తొడగని అవ్వ. మన ముందు ఒక్కనాడూ మోచేయి కూడా బయటపెట్టలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు గడ్డం మీద మచ్చ మొదలైంది. కుష్టు అని ఊరంతా అన్నారు. అయ్యవారు నన్ను బడి వసారాలో, అందరికీ దూరంగా కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఒకరోజు మన ఇంటి ముందర కంప కంచె మీద చచ్చిన పాము వేలాడటం నాకు బాగా గుర్తుంది. "మా బిడ్డను ఇది నాకినాది. అంటేది కాదు, రక్తంలోదీ కాదు" అని నువ్వు వచ్చినవాళ్ళందరికీ చూపించావు. మర్నాటి నుంచి నన్ను లోపల కూర్చోబెట్టారు. ఇదంతా గుర్తుంది. పాము నన్ను నాకడం మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

కొత్తచెరువు వాళ్ళు నందినిని చూసుకోవడానికి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు భరత్ వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసి, "పెద్దమ్మాయికి అదేంది?" అని అడిగింది. నువ్వు ఈ పాము మాటే చెప్పావు. వాళ్ళు తృప్తిపడి పోయారు. నేను నా పిల్లలకు నిజం చెబితే ఆ నిజం కొత్తచెరువు చేరకుండా ఉండదు. నందిని పెళ్ళి ఆగిపోతుంది. చెప్పకపోతే ఈ చుట్టుపక్కల పిల్లలు నా పేరు చెప్పి ఒక్క పామును కూడా మిగల్చరు. నేను ఏం చేయాలో తర్వాత చెబుదువుగాని, ముందు ఇది చెప్పు. నిజంగా పాము నాకిందా?

నీ పెద్ద బిడ్డ,
ప్రసూన


తనకల్లు,
10 ఆగస్టు 2003.

నాయనా,

నీ కార్డు అందింది. "శ్రావణంలో తాంబూలాలు. అంతవరకు నోరు మూసుకో తల్లీ." ఇంతే రాశావు. అడిగినదానికి జవాబు లేదు, అందులోనే జవాబు ఉంది. నాకు కోపం రాలేదు. "తల్లీ" అన్న మాట దగ్గర చాలాసేపు ఏడ్చాను. నీ మాట విన్నాను. పురుగుల పీరియడ్ రెండు శనివారాలు ఎగ్గొట్టి ఎక్కాలు చెప్పించాను. పిల్లలు అడిగితే విసుక్కున్నాను. వినకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

కదిరమ్మ నాలుగు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వాళ్ళింటికి పోయాను. ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎడమ చెంప మీద వాత. రూపాయి బిళ్ళంత కాలి, బొబ్బ చితికి, పసుపు పూసి ఉంది. ఏమైందని అడిగితే వాళ్ళ నాయన ఎర్రిస్వామి మంచం వాల్చి, "కూచోండి టీచరమ్మా" అని నిదానంగా చెప్పాడు. కదిరమ్మకు చేను గట్టు మీద మళ్ళీ రెండు తలల పాము కనబడిందట. ముందు ఒకదాన్ని చంపి నన్ను బాధపెట్టానని ఆ పిల్లకు మనసులో ఉందట. అందుకని దీన్ని బతికుండగానే నాకు చూపించాలని, ముట్టుకోకూడదన్న రూలు కూడా మరిచిపోయి, పావడలో వేసుకుని బయలుదేరిందట. దారిలో ఆడవాళ్ళు చూసి కేకలు పెట్టారు. పాము పోయింది. వారం తిరిగేసరికి చెంప మీద తెల్లటి పొడ కనబడింది. పాము నాకిందన్నారు. వాత పెట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయారు.

"మీకు నాకినప్పుడు పెద్దోళ్ళు ఎంటనే కాల్చింటే అంతదూరం పాకుండదు గదా టీచరమ్మా. మీకైనట్టు మా పిల్లకు కాకూడదని మొదట్లోనే కాల్పిచ్చినాం" అన్నాడు ఎర్రిస్వామి. ఆ మనిషి గొంతులో కసి లేదు, మూర్ఖత్వం కూడా లేదు నాయనా. బిడ్డ కోసం చేయాల్సింది చేశానన్న నిబ్బరం ఉంది. ఇరవై ఏళ్ళ కింద కంప పక్కన నిలబడిన నిన్నే చూసినట్టు అనిపించింది. కదిరమ్మ ఇటు తిరిగి, "టీచర్, నేను దాన్ని సంపలేదు" అంది. అంతసేపూ అది ఒక్కటే దాని బాధ.

నేను ఇంక ఆగలేకపోయాను. బయటికి వచ్చాను. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. అందరి ముందూ రవికె చేయి పైకి మడిచాను. "ఇది బొల్లి. నన్ను ఏ పామూ నాకలేదు. మా అవ్వకు కూడా ఉంది. ఇది అంటుకోదు. పాము నాకితే మచ్చ రాదు. నేను మీకు అబద్ధం చెప్పాను, దానికి ఈ పిల్ల చెంప కాలింది" అన్నాను. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ పక్కకు జరపలేదు. ఒకావిడ తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఎర్రిస్వామి గడపలో నిలబడి, "అట్లయితే నేను నా బిడ్డను ఊరికే కాల్చినానా?" అన్నాడు.

మర్నాడు కదిరమ్మను, వాళ్ళ నాయనను వెంటబెట్టుకుని కదిరి ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ వెలుతురులో పెట్టి చూసింది. అది బొల్లి కూడా కాదట. ఒళ్ళు పొడిబారి పిల్లలకు వచ్చే పొడేనట. "మచ్చ రెండు నెలల్లో దానంతట అదే పోతుంది. వాత మాత్రం పోదు" అంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎర్రిస్వామి వేరే సీట్లో కూర్చున్నాడు. కదిరమ్మ నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.

ఇద్దరు పిల్లలను బడి మాన్పించారు. మా హెడ్‌మాస్టర్ జయరాముడు సార్ మంచాయనే, కానీ ఆయన భార్యది కొత్తచెరువు. "చెప్పకుండా ఉండలేకపోయినారా అమ్మా, మీ ఇంట్లో పెండ్లి పెట్టుకోని?" అన్నాడు. ఈ ఉత్తరం నీకు చేరేలోపు మాట అక్కడికి చేరిపోయి ఉంటుంది. నాయనా, నందిని పెళ్ళి చెడిపోతే దానికి కారణం నేను. దాని ముఖం ఎట్లా చూడాలో నాకు తెలియదు. నువ్వు చెప్పిన అబద్ధం లేకపోతే నేను ఆ వసారాలోనే ఉండిపోయేదాన్ని, నాలుగు అక్షరాలు నేర్చుకునేదాన్ని కాదు, టీచర్‌ను అయ్యేదాన్ని కాదు. అది నాకు తెలుసు. నీకు దండం పెడతాను. అయినా ఆ అబద్ధాన్ని నేను ఇంక మోయలేను. కొట్టాలనిపిస్తే కొట్టు, ఇంటికి రావద్దంటే రాను. మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు.

నీ ప్రసూన


గోరంట్ల,
27 ఆగస్టు 2003.

అక్కా,

నేను నందినిని. నాయన రాయాల్సిన ఉత్తరం ఇది. నీ రెండో ఉత్తరం అందిన రోజే నాయన నన్ను కూర్చోబెట్టి, రెండు ఉత్తరాలూ నా చేతిలో పెట్టి, "గట్టిగా సదువు. మీ యమ్మ కూడా ఇనాల" అన్నాడు. నాకు చూపించొద్దని రాశావు కదా, ఆ మాట కూడా గట్టిగానే చదివాను. చదివాక ఇప్పుడు నేను చెప్పేది రాయి అన్నాడు. ఆరోజు రాసుకున్న నాయన మాట ముందు పెడుతున్నాను. నా మాట తర్వాత.

"పాము నాకలేదు తల్లీ. కట్టె పట్టుకోని చేనంతా ఎతికి, దొరికినదాన్ని కొట్టి తెచ్చి కంపకేసినా. నిన్ను వసారాలో కూచోబెట్టినారని తెలిసినప్పుడు నాకు ఇంగో తోవ కనపడలేదు. మా యమ్మకు ఉండాది. నాకూ ఉండాది, నడుం కాడ. మీ యమ్మకు తప్ప ఎవురికీ తెలీదు." అక్కా, ఇక్కడ నా పెన్ను ఆగిపోయింది. నాయన బనియన్ పైకెత్తి చూపించాడు. మొలతాడుకు పైన అరచెయ్యంత తెలుపు. ఇన్నేళ్ళూ చేన్లో కూడా ఒంటి మీద బనియన్ తియ్యకపోతే చలువకని అనుకున్నాం కదా మనం. అమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. నాయన ఇంకా చెప్పాడు. "నేను ఒకదాన్నే సంపినా. దాన్ని చూసి ఊరోళ్ళు ఎన్ని సంపినారో లెక్క లేదు. చేన్లో ఎలకలు పెరిగిపోయి శెనక్కాయంతా తోడుకోని పోతాంటే మందు పెట్టినామే గాని, ఎందుకు పెరిగినాయని నేను ఒకనాడన్నా అనుకోలేదు. ఆ పిల్ల చెంప కూడా నేను కాల్చినట్టే."

మాట కొత్తచెరువుకు పోయిందో లేదో చూడకుండా మర్నాడే పొద్దున బస్సెక్కి పోయాడు. భరత్ వాళ్ళింట్లో పెద్దవాళ్ళ ముందు బనియన్ ఎత్తి చూపించి వచ్చాడట. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట, మంచినీళ్ళు కూడా ఇచ్చారట. మూడో రోజు వద్దని కబురు చేశారు.

ఇప్పుడు నా మాట. అక్కా, నాకు భరత్ నచ్చాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ కబురు వచ్చిన రోజు నేను అన్నం తినలేదు, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నీకు ముప్పై మంది పిల్లలున్నారు, పాములున్నాయి, నాకు మాత్రం ఎవరున్నారని ఏడ్చాను. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పోయిందని అబద్ధం రాయను, మనింట్లో ఇప్పటికే చాలా అయ్యాయి.

మఖ కార్తెలో ఇక్కడ వాన పడింది. శెనక్కాయకు అదను పోయింది కాబట్టి నాయన ఉలవలు వేద్దామని మడక కట్టాడు. మొన్న నేను సంగటి తీసుకుని చేనికి పోయేసరికి ఎద్దులు నిలబడి ఉన్నాయి. నాయన దున్నిన చాల్లోకి వంగి చూస్తున్నాడు. మట్టి పెళ్ళ పక్కన రెండు తలల పాము, లావుగా, కదలకుండా. నాకు భయమేసింది. "దెబ్బ తగిల్లేదులే" అన్నాడు నాయన. ఇంకో చాలు తోలితే దాని మీదికే పోతుందని తువ్వాలు పరిచి, రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చి ఎత్తాడు. అది మెల్లగా మణికట్టు చుట్టూ తిరిగి నాలుక బయటపెట్టింది. నాయన చెయ్యి లాక్కోలేదు. "ఆ పొద్దు ఇట్లాంటిదాన్ని కట్టెతో కొట్టినా గాని సేత్తో ముట్టలే. ఇంత మెత్తగా ఉంటాదని నాకు తెలీదు" అని, గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత గట్టు రాళ్ళ సందులో వదిలేశాం. పూర్తిగా లోపలికి పోయేదాకా నాయన అక్కడి నుంచి లేవలేదు. సంగటి చల్లారిపోయింది.

ఈ శనివారం నాయన నీ బడికి వస్తున్నాడు. పురుగుల పీరియడ్ పెట్టాలంట. "పాముది తప్పు లేదు, నాది అని ఆ పిల్లోళ్ళకు నేనే చెప్తా. ఎర్రిస్వామి ఇంటికి కూడా పోతా. బిడ్డ కోసం తప్పు చేసినోడు ఆయప్ప ఒక్కడే కాదని తెలియాల గదా" అంటున్నాడు. ఏం చెప్పాలో రెండు రోజులుగా ఎద్దులకు చెప్పుకుంటున్నాడు. కదిరమ్మకు ఏం తెమ్మంటావని అడగమన్నాడు.

నేను కూడా వస్తాను. ఎందుకో చెబుతాను. నీ ఉత్తరాలు గట్టిగా చదువుతున్నప్పుడు, అనంతపురం డాక్టరు మాట దగ్గర కంటే వీధి కుళాయి దగ్గర నువ్వు చేయి మడిచిన చోట చదవడం ఆపేసి ఏడ్చాను. అమ్మ నీ కోసం ఏడుస్తున్నాననుకుంది. ఉగాదికి ముందు నుంచి నా కుడి కాలి చీలమండ మీద శెనగ్గింజంత తెలుపు ఉంది అక్కా. కొత్తచెరువు వాళ్ళు వచ్చినరోజు పట్టీ దాని మీదికి జరిపి కట్టుకున్నాను. పెళ్ళయితే జన్మంతా అట్లా జరుపుకుంటూ ఉండేదాన్ని. నిన్ను తిట్టుకున్న రోజుల్లో కూడా నాకు ఈ సంగతి తెలుసు, అందుకే అంత తిట్టుకున్నానేమో. నాయనకు నిన్న చూపించాను. నా పాదం ఒళ్ళో పెట్టుకుని చూశాడు. తర్వాత తనే పట్టీల కొక్కెం విప్పాడు.

శనివారం పొద్దున బస్సుకు వస్తాం. నీ పిల్లలు నా కాలు చూసి ఏమయిందని అడిగితే, ఈసారి జవాబు నేను చెబుతాను.

నీ చెల్లెలు,
నందిని